పాత ట్రాక్టరునకు మారు ఇంజను

 

అనంతపురము జిల్లాలో సేద్యమునకు పంచాంగము కంటె పదునే పెద్ద లెక్క. జిల్లా సగటు వర్షపాతము సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియును ఒక క్రమమున రాదు. నైరుతి ఋతుపవనము తన నీటిలో అధికభాగమును పడమటి కనుమల కావలనే కురిపించి, మిగిలిన దానితో ఈ పీఠభూమికి వచ్చి చేరును. బెళుగుప్ప పరిసరములలోని ఎఱ్ఱనేలలు పెక్కు చోట్ల లోతు తక్కువవి. తేమను ఎక్కువ దినములు పట్టి ఉంచలేనివి. జూన్, జూలై నెలలలో మంచి వాన పడినచో వేరుశనగ విత్తుటకు రైతునకు చిక్కునది కొన్ని దినముల అదను మాత్రమే. ఆ దినములలోనే గుంటక తిరుగవలెను, గొర్రు సాగవలెను. అవి దాటినచో నేల ఆరిపోవును. మరల వాన ఎప్పుడు పడునో చెప్పగలవారు లేరు.

ఇంటింట ఎద్దుల కాడి ఉన్న కాలమున ఒక ఎద్దు కుంటుపడినచో పొరుగింటి ఎద్దును బదులు తెచ్చుకొని పని గడుపుకొనెడివారు. ట్రాక్టరు వచ్చిన పిమ్మట పని వేగమైనది గాని ఆ బదులు దుర్లభమైనది. పదునున్న దినమున ఊరిలోని ప్రతి ట్రాక్టరును ఏదో ఒక చేనిలోనే ఉండును. ఆ దినమున ఎవరి ట్రాక్టరు మొరాయించునో వారు ఇతరుల పని ముగియు వరకు గట్టుమీద నిలువవలసినదే. కావున ఈ ప్రాంతమున ట్రాక్టరు ఇంజను చెడుట ఒక యంత్రము చెడుట మాత్రమే కాదు. ఒక సంవత్సరపు పంట చేజారుటయు కావచ్చును. పాత ట్రాక్టరునకు మారు ఇంజను వేయు విషయమును ఈ దృష్టితోనే పరిశీలింపవలెను.

ఒక రైతు కుటుంబమును ఉదాహరణగా ఊహింపవచ్చును. మంచి పంట పండిన ఒక సంవత్సరము 35 అశ్వశక్తుల ట్రాక్టరును వారు కొనిరి. ఇరువది ఏండ్లు అది నడచినది. ఇప్పుడు గేరుబాక్సు బాగున్నది, వెనుక ఇరుసు బాగున్నది, హైడ్రాలిక్ లిఫ్టు మడకను చక్కగా ఎత్తుచున్నది. ఇంజను మాత్రము నీలిపొగ చిమ్ముచు, నూనె త్రాగుచు, ఎక్కుడు ఎదురైనచో ఆగిపోవుచున్నది. కొత్త ట్రాక్టరు కొనవలెనన్నచో మరల అప్పు చేయవలెను. కుమారుడు తండ్రితో, "నాయనా, లారీ ఇంజను తెచ్చి పెట్టిస్తే బలం రెట్టింపవుతాది. ఇంక పదేండ్లు చూసుకునే పనిల్యా" అనెను. తండ్రి, "బలం ఎవురికి కావల్ల అబ్బీ? పదునున్న పొద్దు లేసి నడిస్తే సాలు" అనెను. పక్కన కూర్చున్న మేస్త్రీ ఇద్దరి మాటలును విని, "అన్నా, ఇంజను తెచ్చేది పెద్ద పని గాదు. దాన్ని కుదిర్చేదే పెద్ద పని" అని చెప్పెను.

ఈ వ్యవహారములోని సారమంతయు మేస్త్రీ చెప్పిన ఆ ఒక్క మాటలో కలదు. మారు ఇంజను విషయమున బలము కంటె పొందిక ముఖ్యము.

ట్రాక్టరు ఇంజనును మార్చుట నేడు పుట్టిన ఆలోచన కాదు. హ్యారీ ఫెర్గుసన్ రూపొందించిన టి.ఇ.20 ట్రాక్టరు ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున 1946లో తయారగుటకు ఆరంభమైనపుడు దానికి కావలసిన స్టాండర్డ్ ఇంజను ఇంకను సిద్ధము కాలేదు. మొదట అమెరికా దేశపు కాంటినెంటల్ ఇంజనును అమర్చి, తరువాత స్వదేశపు స్టాండర్డ్ ఇంజనునకు మారిరి. ఫోర్డ్‌సన్ మేజర్ ట్రాక్టరులో పెర్కిన్స్ వారి ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజనును 1948 నుండి అమర్చసాగిరి. ఫ్రాంక్ పెర్కిన్స్ 1932లో పీటర్‌బరోలో స్థాపించిన ఆ సంస్థయే, పెట్రోలుతో నడచు పాత ఫెర్గుసన్ ట్రాక్టర్లకు అమర్చుకొనుటకై మూడు సిలిండర్ల పి3 డీజిల్ ఇంజనును కావలసిన జత సామానులతో కలిపి అమ్మినది. మాసీ ఫెర్గుసన్ 35 ట్రాక్టరునకు మొదట ఉన్న నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను చలిలో సులభముగా అందుకొనకుండుటచే, 1959 చివరి నుండి దాని స్థానమున పెర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజను వచ్చినది. ఒక సిలిండరు తగ్గినది. ట్రాక్టరు మాత్రము మెరుగైనది. సిలిండర్ల సంఖ్యను బట్టి ఇంజను యోగ్యతను నిర్ణయింపరాదనుటకు ఇదియే నిదర్శనము.

ఆ పరంపర దక్షిణదేశమునకును చేరినది. 1840లో మద్రాసులో బండ్ల తయారీతో ఆరంభమైన సింప్సన్ సంస్థ 1950 దశకమున పెర్కిన్స్ డీజిల్ ఇంజనులను తయారు చేయుటకు పూనుకొన్నది. 1960లో అదే నగరమున మాసీ ఫెర్గుసన్ సహకారముతో టాఫే సంస్థ ఏర్పడినది. సింప్సన్ ఇంజను గల టాఫే ట్రాక్టర్లు తెలుగు పల్లెలకు చిరపరిచితములు. ఉత్తరదేశమున 1959 ఏప్రిల్ 24వ తేదీన ఫరీదాబాదు కర్మాగారము నుండి ఐషర్ ట్రాక్టరు వెలువడినది. హర్యానాలోని పింజోరులో హెచ్.ఎం.టి. సంస్థ 1971లో జెటార్ నమూనా ట్రాక్టర్ల తయారీని ప్రారంభించినది. 1974లో స్వరాజ్ 724 వచ్చినది. వీనిలో కొన్నింటి కథ నేటికిని సాగుచున్నది; కొన్నింటి కథ ముగిసినది. హెచ్.ఎం.టి. ట్రాక్టరు విభాగమును మూసివేయుటకు కేంద్ర మంత్రివర్గము 2016లో ఆమోదించినది. కర్మాగారము మూతపడినను పొలములోని ట్రాక్టరు ఒక్కసారిగా మూతపడదు. కాని కాలము గడచుకొలది దాని విడిభాగములు అరుదగును. మారు ఇంజను ఆలోచన అట్టి యజమానులకు మరింత దగ్గరగా వచ్చును.

అయినను మొదట అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఇంజను నిజముగా చెడినదా? పొగ రంగు కొంత చెప్పును. నల్లపొగ గాలి చాలలేదనియో, డీజిల్ అధికముగా పోవుచున్నదనియో తెలుపును. గాలి శుద్ధిచేయు పాత్ర మూసికొనిపోయినను, నాజిల్ చెడినను అట్లే వచ్చును. అది ఇంజను మరణము కాదు. తెల్లపొగ డీజిల్ సరిగా మండకపోవుటనో, నీరు లోపలికి దిగుటనో సూచించును. ఎడతెగని నీలిపొగ నూనె మండుచున్నదనుటకు గుర్తు. రింగులు, లైనర్లు అరిగినపుడు ఇది సాధారణము. ఛాంబరులోని నూనె పాలవలె తెల్లబడినచో నీరు కలిసినదని గ్రహింపవలెను. హెడ్ గాస్కెటు మార్చుటతో తీరు జబ్బునకు ఇంజనునే మార్చుట పంటినొప్పికి తల మార్చుట వంటిది. కావున కంప్రెషను, నూనె ఒత్తిడి కొలిపించిన పిమ్మటనే నిర్ణయము చేయవలెను.

పరీక్షలో ఇంజను లోపలి భాగములు అరిగినవని తేలినచో రైతు ఎదుట మూడు మార్గములు ఉండును. మొదటిది ఉన్న ఇంజనునే విప్పి, లైనర్లు, పిస్టనులు, రింగులు, బేరింగులు మార్చి, క్రాంకును సానపట్టించి మరల కూర్చుట. బ్లాకు పగులక, క్రాంకు సానకు నిలుచునట్లుండి, భాగములు దొరకునంతవరకు ఇదియే ఉత్తమము. రెండవది అదే తయారీకి, అదే నమూనాకు చెందిన మంచి ఇంజనును తెచ్చి వేయుట. బ్లాకు పగిలినపుడు, కడ్డీ విరిగి గోడను చీల్చినపుడు ఇది ఉచితము. మూడవది వేరు జాతి ఇంజనును తెచ్చి కుదుర్చుట. మొదటి రెండు దారులును మూసికొనిపోయిన పిమ్మట మాత్రమే ఈ మూడవ దారి త్రొక్కవలెను. కాని సంతలో చౌకగా కనబడిన ఇంజనును చూచి పలువురు మొదటనే మూడవ దారికి మరలుదురు.

చౌకగా దొరకు ఇంజనులలో రెండు విధములవి ఎక్కువగా ఆకర్షించును. ఒకటి లారీ ఇంజను, మరియొకటి విద్యుత్తు పుట్టించు జనరేటరు ఇంజను. వీనిలో చిక్కు ఎక్కడ ఉన్నదో లెక్క వేసి చూచినచో తేటపడును. ఒక ట్రాక్టరు ఇంజను నిమిషమునకు 2000 చుట్లు తిరుగునపుడు వెనుకనున్న పి.టి.ఓ. 540 చుట్లు తిరుగుననుకొందురు. జనరేటరు ఇంజను సాధారణముగా 1500 చుట్లకు కట్టుబడి యుండును. విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో పుట్టుటకు ఆ వేగము కావలెను. దానిని ఆ ట్రాక్టరులో వేసినచో పి.టి.ఓ. 405 చుట్లే తిరుగును. గంటకు 8 కిలోమీటర్లు పోవు గేరులో 6 కిలోమీటర్లే పోవును. కాయ విడదీయు యంత్రము మందగించును. పైగా అట్టి ఇంజను గవర్నరు ఒకే వేగమును కాపాడుటకు ఏర్పడినది. చేనిలో హెచ్చుతగ్గులుగా మారు బరువునకు, డ్రైవరు పాదమునకు అది తగినట్లు స్పందింపదు.

లారీ ఇంజను చిక్కు దీనికి విరుద్ధమైనది. అది తన పూర్తి బలమును 2800 చుట్ల వంటి హెచ్చు వేగమున చూపునదైనచో, అదే ట్రాక్టరులో పి.టి.ఓ. 756 చుట్లు తిరుగును. 540 చుట్లకై చేసిన యంత్రములను ఆ వేగమున త్రిప్పుట ప్రాణాపాయము. వేగమును 2000కు తగ్గించి నడిపినచో కొన్న బలములో కొంతభాగము అక్కరకు రాదు. ఇక 35 అశ్వశక్తులకు తగినట్లు చేసిన గేరుబాక్సునకు 60 అశ్వశక్తుల ఇంజనును తగిలించినచో, ఆ అదనపు బలము మొదట పరీక్షించునది నేలను కాదు; గేరు పండ్లను, ఇరుసును. కోడెదూడ మెడపై పెద్ద ఎద్దు కాడి మోపినట్లగును.

మరియొక సంగతి కలదు. లారీకి పొడవైన ఇనుప చట్రము ఉండును. ఇంజను దానిపై కూర్చుండును. కాని పెక్కు ట్రాక్టర్లలో అట్టి చట్రము లేదు. ముందు ఇరుసు ఇంజను ముందుభాగమునకు బిగింపబడును. గేరుబాక్సు దాని వెనుకభాగమునకు బిగింపబడును. అనగా ఇంజనే ట్రాక్టరు వెన్నెముకలో ఒక భాగము. మడక లాగునపుడు పుట్టు బరువును, గుంతలలో పడునపుడు కలుగు మెలికను ఇంజను బ్లాకు, కొన్ని నమూనాలలో దాని ఛాంబరు కూడ భరించును. అట్టి భారము మోయుటకు ఏర్పడని ఇంజనును నడుమ పెట్టి, ఇనుప పలకలు అతికించి బిగించినచో, కొన్ని దినములు నడచినను కాలక్రమమున బ్లాకు చెవులో, గేరుబాక్సు మూతియో పగులును.

ఈ కారణము చేతనే ఇంజను విప్పు పని మిక్కిలి జాగ్రత్త కోరును. ఇంజనును తీసినచో ట్రాక్టరు రెండు ముక్కలగును. వెనుకభాగమును గేరుబాక్సు క్రింద బలమైన స్టాండుతో నిలిపి, వెనుక చక్రములకు ముందును వెనుకను అడ్డుకట్టెలు పెట్టవలెను. ముందు ఇరుసు నడుమ ఒకే కీలుపై ఊగునట్టిది. దానికిని బ్రాకెటునకును నడుమ ఇరువైపుల కట్టె మేకులు బిగింపనిచో ముందుభాగము పక్కకు ఒరిగిపోవును. జాకీ ఎత్తుటకే గాని నిలుపుటకు కాదు. ఇటుకలు, గుండ్రాళ్ళు ఆధారముగా పెట్టరాదు. ఇంజనును చైను పుల్లీతో ఎత్తుచున్నపుడు దాని క్రింద చేయి గాని కాలు గాని పెట్టరాదు. చింతకొమ్మకు గొలుసు కట్టి ఎత్తు అలవాటు కొన్ని చోట్ల కలదు. కొమ్మ ఎంత పాతదో, లోపల ఎంత పుచ్చినదో చూచువారు అరుదు. పని మొదలుపెట్టుటకు ముందు బ్యాటరీ తీగ తీయుట, డీజిల్ మార్గము మూయుట, నూనె, నీరు దింపుట మరువరాదు.

ఇంజనును కొనుటకు ముందే కొలతలు తీయవలెను. కొన్న పిమ్మట కాదు. వెనుక బిగింపు రంధ్రములు గేరుబాక్సు రంధ్రములతో కలియునా? ఫ్లైవీల్ వ్యాసమును మందమును సమానమేనా? క్లచ్ ప్లేటు నడుమ పండ్లు గేరు కడ్డీ పండ్లతో సరిపోవునా? పాత ట్రాక్టరులో డబుల్ క్లచ్ ఉన్నచో కొత్త ఫ్లైవీల్ దానిని పట్టునా? గేరు కడ్డీ కొన ఫ్లైవీల్ నడుమనున్న చిన్న బేరింగులోనికి సరిగా చేరునా? రంధ్రములు కలియక మధ్య ఒక అడ్డుపలక వేసినచో, ఆ పలక మందమంత ఇంజను ముందునకు జరుగును. అప్పుడు కడ్డీ కొన బేరింగును అందుకొనక గాలిలో ఊగును. స్టీరింగు కడ్డీ పొడవు చాలదు. రేడియేటరు, బానెటు స్థానము తప్పును. అంగుళములో నాలుగవవంతు తేడా కాగితముపై చిన్నది. యంత్రములో అది పెద్దది.

ఇంకను చూడవలసినవి కలవు. స్టార్టరు మోటారు ఏ పక్కన వచ్చును? అది వచ్చు చోట స్టీరింగు కడ్డీ గాని డీజిల్ పంపు గాని అడ్డుపడునా? ఫ్యాను రేడియేటరు నడిమికి ఎదురుగా ఉండునా? గాలితో చల్లబడు ఒక సిలిండరు ఇంజను ఉన్న పాత ఐషర్ వంటి ట్రాక్టరులో నీటితో చల్లబడు ఇంజను వేయవలెనన్నచో రేడియేటరునకే కొత్తగా చోటు కల్పింపవలెను. కొత్త ఇంజను తేలికైనచో మడక లాగునపుడు ముందు చక్రములు లేచును. మిక్కిలి బరువైనచో ముందు ఇరుసు అలసిపోవును. ఈ ప్రశ్నలలో మూడు నాలుగింటికి "కాదు" అను సమాధానము వచ్చినచో ఆ ఇంజను ఎంత చౌకగా వచ్చినను ఖరీదైనదే.

కలుపునపుడు కూడ ఓర్పు కావలెను. క్లచ్ ప్లేటును నడిమికి సరిచూచుటకు పాత గేరు కడ్డీ ముక్కను ఉపయోగింతురు. రెండు భాగములును తిన్నగా ఎదురెదురుగా వచ్చి, చేతితో నెట్టినచో ముఖములు తాకునట్లుండవలెను. తాకనపుడు బోల్టులు బిగించి లాగరాదు. అట్లు లాగినచో క్లచ్ ప్లేటు నడుము వంగును, లేక మూత పగులును. పూర్తిగా కూర్చిన పిమ్మట డీజిల్ మార్గములోని గాలిని తీసి, డీజిల్ పంపు గుర్తులు సరిచూచి, డీజిల్ నిలిపి స్టార్టరుతో కొంతసేపు త్రిప్పి, నూనె ఒత్తిడి వచ్చిన తరువాతనే ఇంజనును మేల్కొలుపవలెను.

పొలము పని ఎంత సరిగా సాగినను కాగితము పని మిగిలియుండును. ట్రాక్టరు రిజిస్ట్రేషను పత్రములో చాసిస్ నంబరుతో పాటు ఇంజను నంబరును ఉండును. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను వాహనములోని మార్పులను గురించి చెప్పుచున్నది. కావున రవాణా శాఖ కార్యాలయమున ముందుగా విచారించి, అనుమతి పొంది, కొత్త నంబరును పత్రములో ఎక్కించుకొనవలెను. అప్పు తీరనిచో బ్యాంకునకును, భీమా ఉన్నచో ఆ సంస్థకును తెలుపవలెను. పాత ఇంజను కొనునపుడు అమ్మువాని వద్ద నంబరుతో కూడిన రసీదు తప్పక తీసికొనవలెను. నంబరు గీసివేసిన ఇంజను ఎంత మంచిదైనను ముట్టరాదు. ట్రాలీ కట్టి రోడ్డుపై పోవునపుడు ప్రమాదము జరిగినచో, నంబరు కలియని ఇంజను రైతును న్యాయస్థానమున నిలువబెట్టును.

మారు ఇంజను వేసిన వారు తరచుగా మరచునది మరియొకటి కలదు. పాత ఇంజను దేనివలన చెడినదో ఆ కారణము ట్రాక్టరుతోనే మిగిలియుండును. బెళుగుప్ప వంటి చోట ఇంజనునకు మొదటి శత్రువు దుమ్ము. ఎండిన ఎఱ్ఱనేలలో గుంటక తోలునపుడు లేచు ధూళి గాలి గొట్టము పగుళ్ళ గుండ లోనికి పోయినచో లైనర్లను ఆకురాయివలె అరగదీయును. నూనెతో గాలిని శుద్ధిచేయు పాత్ర ఉన్న ట్రాక్టర్లలో విత్తు దినములందు ప్రతి దినమును ఆ పాత్రను విప్పి చూచి, బురద పేరినచో కడిగి కొత్త నూనె పోయవలెను. రెండవ శత్రువు ఉప్పునీరు. బోరు నీటిలోని లవణములు రేడియేటరు లోపల పెచ్చు కట్టును; వేడి బయటికి పోదు. ఆ రేడియేటరును శుభ్రము చేయింపక, ఆ రబ్బరు గొట్టమును మార్పక కొత్త ఇంజనును బిగించుట, కారు ఇంటిలో కొత్త ధాన్యము పోసినట్లు. కొత్తగా కూర్చిన ఇంజనును మొదటి 50 గంటలు మితమైన బరువుతో నడిపి, పిమ్మట నూనె మార్చి, తయారీదారు చెప్పిన ప్రకారము హెడ్ బోల్టులు సరిచూడవలెను. మొదటి దినముననే బరువైన ట్రాలీ కట్టుట తగదు.

ఖర్చు లెక్కలో ఇంజను ధర ఒక్కటియే వ్రాయుట పొరపాటు. క్లచ్ ప్లేటు, గాస్కెట్లు, రబ్బరు గొట్టములు, లేతు పని, మేస్త్రీ కూలి, రవాణా, రిజిస్ట్రేషను రుసుము, పని ఆగిన దినములు, అన్నియును ఒక కాగితముపై వ్రాయవలెను. ఆ మొత్తమును ఒక పక్కనను, రెండు మూడు కార్లు అద్దె ట్రాక్టరుతో సేద్యము చేయించు ఖర్చును మరియొక పక్కనను పెట్టి చూడవలెను. గేరుబాక్సు కూడ అరిగి, వెనుక ఇరుసు కూడ మ్రోగుచున్న ట్రాక్టరునకు మంచి ఇంజను వేయుట వ్యర్థము. కొద్ది ఎకరములున్న రైతునకు సొంత ట్రాక్టరు గౌరవము కంటె అద్దె ట్రాక్టరే లాభము కావచ్చును. ఈ మాట వినుటకు ఇంపుగా ఉండదు. కాని అప్పు తీర్చునపుడు దీని విలువ తెలియును.

పని చేయించు కాలమును కూడ ఎన్నుకొనవలెను. కాయ విడదీయు పనులు ముగిసి, సంక్రాంతి గడచిన తరువాత ఉగాది లోపల ఇంజను విప్పించుట మేలు. అప్పుడు మేస్త్రీకి తీరిక ఉండును. దొరకని భాగము కొరకు వేచి చూచుటకు వ్యవధి ఉండును. వేసవి దుక్కులలో ఇంజనును మెల్లగా అలవాటు చేయవచ్చును. రోహిణి కార్తె వరకు ఉపేక్షించి, మృగశిరలో మబ్బు చూచి పరుగులెత్తువారు ఏది దొరకిన అది కొందురు. సంతలో చౌక ఇంజనులు అట్టివారి కొరకే కాచుకొని యుండును.

మొదట ఊహించిన కుటుంబము కథ ఎట్లు ముగియవలెను? బ్లాకు పగులలేదు, భాగములు దొరకుచున్నవి. అట్టియెడ వారు పాత ఇంజనునే విప్పించి, లైనర్లు, పిస్టనులు మార్పించి, గాలి గొట్టము కొత్తది వేయించుట తగును. బ్లాకే పగిలియుండినచో అదే నమూనా ఇంజనును నంబరు, రసీదు చూచుకొని తెచ్చుట తగును. కుమారుని కోరిక బలము. తండ్రి కోరిక నమ్మకము. ఇద్దరును ఒకే ట్రాక్టరు మంచిని కోరినవారే. కాని ఈ నేలలో కొన్ని దినముల పదునును అందుకొనునది 60 అశ్వశక్తుల ఆశ కాదు. తెల్లవారుజామున తాళము త్రిప్పగనే పలుకు 35 అశ్వశక్తుల నమ్మకము.

ఇందుకు గ్రంథాలయమునకు గల సంబంధమేమని కొందరు ప్రశ్నింపవచ్చును. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన నాటి నుండి గ్రామ గ్రంథాలయము కథలు చదువు చోటు మాత్రమే కాదు. గ్రామమునకు కావలసిన జ్ఞానమును నిలువచేయు గాదె. ట్రాక్టరుతో పాటు వచ్చు వివరణ పుస్తకము పెక్కు ఇండ్లలో అటకపై చెదలకు ఆహారమగుచున్నది. ఆ పుస్తకములను ఇచ్చట ఒక అరలో చేర్చినచో అందరికిని ఉపయోగపడును. ఎవరి ట్రాక్టరునకు ఏ ఇంజను వేసిరి, ఏ భాగము సరిపడినది, ఏది సరిపడలేదు, ఎన్ని గంటలు నడచినది అను వివరములను ఒక నోటుపుస్తకములో వ్రాసియుంచినచో, ఒకరి నష్టము పదిమందికి పాఠమగును. ఈ జిల్లాలోనే గార్లదిన్నె వద్ద 1983లో ఏర్పడిన దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. గ్రామ యువకులు అట్టి చోట శిక్షణ పొంది వచ్చినచో ఊరి మేస్త్రీ అనుభవమునకు శాస్త్రము తోడగును.

వాన చేతిలో లేదు. నేల లోతు చేతిలో లేదు. ఇంజను మాత్రము చేతిలోనే కలదు. దానిని కొలిచి ఎన్నుకొని, తీరిక కాలమున కుదుర్చుకొని, దుమ్ము నుండి కాపాడుకొనిన రైతు, మృగశిరలోనో ఆరుద్రలోనో తొలివాన కురిసి మట్టివాసన లేచిన ఉదయమున ఎవరి గడపయు త్రొక్కనక్కరలేదు. గొర్రు తగిలించుకొని తన చేనికి తాను పోవును.